కొంగలగుట్ట హాల్టుకు వచ్చిన చుట్టం

స్టేషన్ అనగానే మీరు పెద్దగా ఏదీ ఊహించుకోకండి. షాద్‌నగర్ దాటి జడ్చర్ల రాకముందు, గుట్టకూ సీతాఫలం చెట్లకూ నడుమ ఒక గది, గది ముందు ఒక రాతి అరుగు, పసుపుపచ్చ బోర్డు మీద మూడు భాషల్లో ఊరి పేరు. అంతే. స్టేషన్ మాస్టర్ లేడు, సిగ్నల్ లేదు, మరుగుదొడ్డి ఉంది గాని దానికి తలుపు లేదు. రైల్వేవాళ్ళ కాగితాల్లో దాన్ని కొంగలగుట్ట హాల్ట్ అంటారు. అక్కడ టికెట్లమ్మే అండాలును అడిగితే మాత్రం, అది నా పుట్టిల్లు అంటుంది. కన్నవాళ్ళు పోయాక పుట్టిల్లు లేని మనిషి ఆమె. ఆ మాట ఊరికే అనదు.

అండాలు మొగుడు పట్టాల మీద కూలిపని చేసేవాడు. ఒక వానాకాలం చేనుగట్టు మీద పిడుగు పడి పోయాడు. కూతురు సుమన అప్పటికి తొమ్మిదో తరగతి. ఏం చేయాలో తోచక అండాలు గోడకు చేరబడి కూర్చున్న రోజుల్లో, రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి దిగిపోయిన ఎల్లయ్య ఆమె ఇంటికి వచ్చాడు. హాల్టులో టికెట్లమ్మే మనిషి కావాలట, ఊరి మనిషే కావాలట, పది పాసై ఉండాలట. ఆ ఊళ్ళో పది పాసైన కోడళ్ళు ఇద్దరే. రెండో ఆమె అప్పటికే అంగన్‌వాడీలో ఉంది. తెలంగాణ వచ్చిన ఏడాదే, ఆ వేడిలోనే అండాలు టికెట్ల కిటికీ వెనక కూర్చుంది. ఆడమనిషి బండినేం ఆపుతదని నవ్వినవాళ్ళు చాలామంది. నవ్విన నాపచేనే పండిందన్నట్టు, ఆ నవ్వినవాళ్ళే నెల తిరక్కముందే కిటికీ ముందు వరుసకట్టి, చెల్లే, పట్నానికి ఒక్కటియ్యి అన్నారు.

ఆ టికెట్ల మీద వచ్చే కమీషన్‌తోనే ఇల్లు గడిచింది. సుమన పొద్దున బండికి పట్నం పోయి, సాయంత్రం బండికి ఇల్లు చేరి నర్సు చదువు చదివింది. ఇప్పుడు షాద్‌నగర్ దవాఖానలో పనిచేస్తోంది. మరి ఆ గదిని పుట్టిల్లనక ఏమనాలి చెప్పండి.

తర్వాత కరోనా వచ్చింది. బండ్లు బందయ్యాయి. ఏడాదిన్నరకు మళ్ళీ వచ్చాయి గాని కొంగలగుట్టలో ఆగలేదు. రెండో లైను పడింది, పైన కరెంటు తీగలు వచ్చాయి, కొత్త ఇంజన్లు వచ్చాయి. అన్నీ ఝామ్మని పోయేవి. సీతాఫలాల గంపలు ఎత్తుకుని ఆడవాళ్ళు నాలుగు కిలోమీటర్లు నడిచి పెద్దరోడ్డు మీద బస్సు కోసం చేయెత్తేవారు. గంపలు చూసి బస్సు ఆగేది కాదు. ఎదిగిన ఆడపిల్లల చదువు మాన్పించిన ఇళ్ళు నాలుగైదు ఉన్నాయి.

అండాలు మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి గది ఊడ్చేది. కమీషన్ లేదు, జీతం లేదు. ఎందుకే పిల్లా గీ ఊడ్సుడు అని ఎవరన్నా అడిగితే, "నాకు అన్నం పెట్టిన జాగా. మట్టిగొట్టుక పోనిస్తనా?" అని కసిరేది. ఆమె నోటికి ఊరంతా జడుస్తుంది లెండి.

ఎల్లయ్యా ఆమే కలిసి ఎన్ని దరఖాస్తులు పెట్టారో వాళ్ళకే గుర్తు లేదు. చివరికి రెండున్నరేళ్ళకు ఒక ఉత్తరం వచ్చింది. వచ్చే బుధవారం ఒక్కరోజు పొద్దున బండీ సాయంత్రం బండీ రెండూ ఆగుతాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చి రోజంతా ఉండి, ఎంతమంది ఎక్కుతున్నారు, ఎంతమంది దిగుతున్నారు చూసి రాసుకుపోతాడు. ఆయన రాసేదాన్ని బట్టి హాల్టు ఉంచడమో, పూర్తిగా ఎత్తేయడమో. ఎత్తేస్తే గది కూలగొడతారు.

అండాలు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, సరాసరి డప్పు కొట్టే పరశురాములు ఇంటికి నడిచింది. ఏమని చాటాలో నిలబడి తనే చెప్పింది. ఆ సాయంత్రం ఊరంతా వినబడింది:

"ఇనుండ్రయ్యో ఇనుండ్రి! బుధారం పొద్దుగాల మన టేషన్ల బండి ఆగుతాంది! రైలు సారు మన ఊరికొస్తుండు! ఇంటికొకరు గాదు, ఇంటిల్లిపాది రావాలె!"

బండి ఎక్కండి అని చాటలేదు. రైలొస్తే ఎక్కాలని మనిషికి వేరే చెప్పాలా?

ఇక చూడండి ఆ ఊరి సంబరం. రెండున్నరేళ్ళ తర్వాత బండి వస్తోంది, దాంతోపాటు పెద్దసారు వస్తున్నాడు. అంటే ఊరికి చుట్టం వస్తున్నట్టే. అరుగుకు సున్నం కొట్టారు, అంచుకు ఎర్రమట్టి జాజు పూశారు. మేకను కోద్దామని కొందరు, సారు నీచు ముట్టడేమో అని కొందరు రెండు రోజులు కొట్లాడి గారెల దగ్గర రాజీపడ్డారు. ఊరి పెద్దముత్తైదువ జానమ్మ, డెబ్బై అయిదేళ్ళ మనిషి, కొత్త చీర కట్టుకుని కడవలో పసుపునీళ్ళు కలిపి వేపరెమ్మలు వేసి సిద్ధం చేసింది. బండికి సాక పోస్తదట, అమ్మవారికి పోసినట్టు. అండాలు జడ్చర్ల పోయి టికెట్ల కట్ట తెచ్చుకుంది, తేదీ ముద్రకు కొత్త సిరా పోసుకుంది. రాత్రి నిద్రపోతే ఒట్టు.

బుధవారం ఏడూ నలభైకి బండి కూత వినబడింది. ఎప్పటిలా ఝామ్మని పోలేదు. మెల్లగా, మెల్లమెల్లగా వచ్చి గది ముందు ఆగింది. ఆగీ ఆగగానే పరశురాములు డప్పు దరువెత్తుకున్నాడు. జానమ్మ ఇంజను ముందు సాక పోసింది. పెద్దవాళ్ళు పెట్టెలను చేత్తో తడిమి కళ్ళకద్దుకున్నారు. బండి నడిపే ఆయన కిటికీలోంచి రెండు చేతులూ జోడించాడు. లోపలి జనం లేచి నిలబడి ఫోన్లతో ఫోటోలు తీశారు. మూడో పెట్టెలోంచి చేతిసంచీతో ఒకాయన దిగాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, సన్నగా ఉన్నాడు. ఆయనే ఇన్‌స్పెక్టర్, పేరు బాలకృష్ణ, మక్తల్ దిక్కు మనిషి. అండాలు పళ్ళెంలో హారతి వెలిగించి ఆయనకు దిష్టి తీసి, బొట్టు పెట్టి, దండ వేసింది. ఒక్క నిమిషం ఆగాల్సిన బండి నాలుగు నిమిషాలు ఆగి, పెద్ద కూత వేసి కదిలింది. జనమంతా కేకలు, ఈలలు, చప్పట్లు.

బండి చివరి పెట్టె మలుపు తిరిగాక బాలకృష్ణ సంచీలోంచి అట్టా కాగితమూ తీశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"అమ్మా, ఎంతమంది ఎక్కిన్రు?"

అండాలు చుట్టూ చూసింది. ఊరు ఊరంతా తన కళ్ళ ముందే నిలబడి ఉంది. ముసలి, ముతక, చంటిపిల్లలతో సహా. టికెట్ల కిటికీ మూసే ఉంది. మూసింది తనే, పళ్ళెం పట్టుకోవడానికి. కట్టలోంచి ఒక్క టికెట్ కూడా తెగలేదు.

"దిగినోళ్ళు?" అని మళ్ళీ అడిగి, ఆయనే నసిగాడు, "దిగింది నేనొక్కన్నే."

డప్పు ఆగిపోయింది.

"ఓ పాడుగాను! ఒక్కరన్న ఎక్కలేదారా? ఒక్కరన్న!" అండాలు పళ్ళెం అరుగు మీద పెట్టి నెత్తి కొట్టుకుంది. "పట్నం పోయెటోళ్ళు లేరా గీ ఊళ్ళె? పండ్ల గంపలేమాయె? ఓ పరశురాములూ, నీ బిడ్డకు కాలేజి లేదా?"

"అగో, నా మీద పడుతవేందక్కా," అన్నాడు పరశురాములు. "నువ్వు రమ్మన్నవు, వచ్చినం. ఎక్కుమన్నవా?"

"రైలొస్తే ఎక్కరా? బొట్టు పెట్టి పిలువాల్నా?"

అప్పుడు జానమ్మ ఖాళీ కడవ కిందపెట్టి ముందుకు వచ్చింది. "ఊకె ఒర్రకే అండాలూ. చుట్టం గడపల కాలు పెట్టంగనే మనం సంచి సంకలేసుకొని బయటికి నడుస్తమా? గదేం మర్యాద? నా కోడలు గంప ఎత్తుకొని ఎల్తుంటె నేనే ఆపిన. సారు ఏమనుకుంటడు, గీ ఊరోళ్ళకు సిగ్గులేదనుకోడా?"

చుట్టూ అందరూ తలలూపారు. ప్రతి ఇంట్లోనూ అదే జరిగింది. ఎవరికి వాళ్ళే పనులు మానుకున్నారు. కొందరు పట్నంలో డాక్టరుకు చూపించుకునేది కూడా గురువారానికి వాయిదా వేసుకున్నారు. బండి తమకెంత అవసరమో చూపించాల్సిన రోజున, మర్యాద కోసం బండినే వదిలేశారు. పెళ్ళి సందట్లో పుస్తె కట్టడం మరిచినట్టే అయింది.

బాలకృష్ణ అట్ట మీది కాగితం చూపించాడు. "నేనేం జేతునమ్మా? ఉన్నది ఉన్నట్టు రాయాలె. ఎక్కింది సున్న. గీ కాగితం జూస్తె, గీ ఊరికి బండి అక్కరలేదనే అనుకుంటరు."

"సాయంత్రం బండి ఉన్నది గద సారూ," అన్నాడు ఎవరో.

అండాలుకు ఆ ఆశ కూడా లేదు. సాయంత్రం బండికి పట్నం నుంచి దిగేవాళ్ళే తప్ప ఎక్కేవాళ్ళుండరు. పొద్దున పోయినవాళ్ళుంటే కదా సాయంత్రం దిగడానికి! ఆమె అరుగు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నోరున్న మనిషి ఏడిస్తే చూడలేం. ఊరు ఊరంతా తప్పు చేసిన పిల్లల్లా తలలు దించుకుంది.

సాయంత్రం దాకా సారు అక్కడే ఉండాలి. చేసిన గారెలు చేసే ఉన్నాయి. కూర్చోబెట్టి విస్తరి వేశారు. జొన్నరొట్టె, పల్లికారం, గారెలు, కోడికూర కూడా ఎక్కడినుంచో వచ్చింది. అండాలు ఒక్క మెతుకు ముట్టలేదు. సారు పక్కన ఎల్లయ్య కూర్చున్నాడు, ఎనభై దాటిన మనిషి.

"తాతా, గీ గుట్టల నడుమ టేషన్ ఎందుకు కట్టిన్రు? సుట్టూ ఊర్లు గూడ లేవు," అని అడిగాడు బాలకృష్ణ తింటూ.

ఎల్లయ్యకు కావల్సిందీ అదే. "మా తాత చెప్పిన ముచ్చట సారూ. నిజాం సర్కారుల, చిన్నపట్టాల బండి. ఓ ఎండకాలం ఇంజన్ల నీళ్ళొడిసి గీ గుట్ట కింద ఆగిపోయింది. ఎటు జూసినా సుక్క నీళ్ళు లేవు. మా ఊరి బాయిల ఉన్నయి. ఊరి ఆడోళ్ళు బాయి కాడికెళ్ళి ఇంజన్ దాక వరుసగట్టి నిలవడి కడవ మీద కడవ అందిచ్చిన్రు. పొద్దుగూకినంక కదిలిందట బండి. అటెన్క సర్కారోళ్ళొచ్చి బాయికి పంపు పెట్టిన్రు. వచ్చే ప్రతి బండి ఈడ ఆగి నీళ్ళు తాగి పోయేది. టేషన్ గట్ల వచ్చింది. మేం గిప్పటికి దాన్ని ఇంజన్ బాయి అంటం."

"బొగ్గింజన్లు పోయినంక?"

"డీజిలొచ్చె. నీళ్ళతోని పని లేకపాయె. మాస్టర్‌ను తీసేసిరి, నన్ను బదిలీ చేసిరి. అయినా బండి ఆగుడు మానలే సారూ. దూప తీరినంక గూడ యాదికుంచుకున్నది. నా బిడ్డ కాన్పు కష్టమైతె ఆ బండే పట్నం దవాఖాన్ల పడేసింది. తల్లి, పిల్ల ఇద్దరు దక్కిన్రు. కరువుల గీ ఊరోళ్ళు పట్నం పోయి మట్టిపని చేసి బతికింది ఆ బండి మీదనే. మేం పోసిన నీళ్ళకు వందంతలు ఇచ్చింది సారూ. మేమే ఇంకా బాకీ."

చుట్టూ చేరినవాళ్ళు ఒక్కొక్కరే అందుకున్నారు. ఒకరి పెళ్ళిచూపులు బండిలోనే అయ్యాయి. ఒకరి కొడుకు పోలీసు ఉద్యోగం పరీక్షకు ఆ బండి మీదే పోయాడు. ఒకావిడ సీతాఫలాలమ్మి రేకుల ఇల్లు వేసుకుంది. విచిత్రమేమంటే, ఎవరూ బండి ఆపించు సారూ అని బతిమాలలేదు. అందరూ బండి చేసిన మేలే చెప్పుకుంటూ పోయారు. బాలకృష్ణ తినడం మరిచిపోయి విన్నాడు.

మధ్యాహ్నం దాటాక పరశురాములుకు ఉపాయం తోచింది. "సారూ, సాయంత్రం బండికి అందరం ఎక్కుతం. టికెట్ కొంటం. అవి లెక్కల రావా?"

"వస్తది," అన్నాడు బాలకృష్ణ. "టికెట్ కొన్నోడు ప్రయాణికుడే. కాకపోతె నా కాగితంల ఇంకో గడి ఉన్నది. ఏ పని మీద పోతున్రో రాయాలె."

"దవాఖాన అని రాయి సారూ!"

"నాది పెండ్లి!"

"మా మామ సచ్చిండని రాయి. సచ్చి పదేండ్లాయె, ఏం గాదు!"

జనం నవ్వారు. అండాలు నవ్వలేదు. పొద్దుటినుంచీ మాట్లాడని మనిషి లేచి నిలబడింది.

"అబద్ధాలొద్దు."

"ఏందక్కా, నీ కోసమే గద..."

"నా కోసమే. అందుకే ఒద్దంటున్న. ఆరేండ్లు గీ కిటికీల కూసున్న. ఒక్క దొంగ టికెట్ అమ్మలే, ఒక్కనికి చిల్లర ఎగ్గొట్టలే. నన్ను, నా బిడ్డను మానంగ బతికిచ్చిన జాగా ఇది. దీని పానం నిలవెట్టెతందుకు దీని అరుగు మీదనే అబద్ధాలు రాపిస్తె, రేపు ఏ మొకంతోని ఊడ్వాలె? పోతె పోనియ్యి. ఉన్నన్ని దినాలు సల్లగ సూసింది, దండం పెట్టి తోలిద్దం." పరశురాములు డప్పు తీసి గోడకు ఆనించాడు.

అయిదున్నర అవుతోంది. బండి ఇరవై నిమిషాలు ఆలస్యమని బాలకృష్ణ ఫోన్‌కు కబురొచ్చింది. కాగితాలు సంచీలో పెట్టుకుని అరుగు దిగి అందరికీ దండం పెట్టాడు.

"పోయొస్తనమ్మా. కడుపునిండ పెట్టిన్రు. నేను మీకు ఏం జెయ్యలేకపోయిన."

"గదేంది సారూ, గట్లనే పోతవా?" అంది జానమ్మ. కొంగు నడుముకు చుట్టి లేచింది. "నడువుండ్రే, చుట్టాన్ని సాగనంపొద్దా? మా ఊళ్ళె చుట్టాన్ని గడపల్నే నిలవడి పొమ్మనరు బిడ్డా. ఎడ్లబండ్ల వచ్చినోన్ని వాగు దాటిస్తం. బస్సుకొచ్చినోన్ని పెద్దరోడ్డు దాక పోయి బస్సెక్కిస్తం. నువ్వు రైలుకొస్తివి. యాడి దాక సాగనంపాలె నిన్ను?"

"జడ్చర్ల దిగుతనవ్వా," అన్నాడు బాలకృష్ణ, ఇంకా ఏమీ తోచకుండానే.

"అయితే జడ్చర్ల దాక వస్తం."

పరశురాములు ఎగిరి గంతేసి డప్పు భుజానికేసుకున్నాడు. జనమంతా ఒక్కసారి కిటికీ మీద పడ్డారు. అండాలు ఇంకా నిలబడే ఉంది.

"ఏం జూస్తవే?" జానమ్మ కసిరింది. "గిదన్న అబద్ధమా? నా పెండ్లి నాటి సంది గీ ఊళ్ళె ఏ చుట్టాన్నన్న సాగనంపకుండ పంపినమా? తెరువు కిటికీ!"

అబద్ధం కాదు. నూటికి నూరుపాళ్ళు నిజం. అండాలు ఏడుస్తూ నవ్వుతూ, నవ్వుతూ ముక్కు చీదుతూ కిటికీ తెరిచింది. తేదీ ముద్ర టక్ టక్ మని పడుతూనే ఉంది. బాలకృష్ణ పక్కన నిలబడి, ఒక్కో పేరుకు ఎదురుగా ఏ పని మీద అన్న గడిలో 'చుట్టాన్ని సాగనంపుట' అని రాసుకుంటూ పోయాడు. పదో పేరుకే చేయి నొప్పి పుట్టి, కింద అంతా 'పైదే' అని గీత దించాడు. నూట పన్నెండు మంది. ఆ కాగితం పైవాళ్ళు చదివి ఏమనుకున్నారో గాని, నెల తిరక్కముందే ఉత్తరం వచ్చింది. ఇప్పుడు బండి రెండు పూటలా ఆగుతోంది, పోయి చూసుకోవచ్చు.

ఆ సాయంత్రం సంగతికే వద్దాం. దూరంగా కూత వినబడింది. అండాలు కట్ట సర్దుకుంటుంటే ఎల్లయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు.

"నీ టికెట్టో?"

"నేనెట్ల పోత పెద్దనాయినా? గది తాళం..."

"నేనుంట. తాళం నేనేస్త. ఆరేండ్లు ఊరందర్ని ఎక్కిచ్చినవు. నువ్వు ఒక్కనాడన్న ఈడ బండెక్కినవా బిడ్డా?"

అండాలు ఆలోచించింది. ఎక్కలేదు. బండి వచ్చే వేళకు ఎప్పుడూ కిటికీ వెనకే ఉంది. సుమన దగ్గరికి పోవాలన్నా నాలుగు కిలోమీటర్లు నడిచి బస్సెక్కేది. నూట పదమూడో టికెట్ మీద తనే ముద్ర వేసుకుంది. పైసలు కొంగులోంచి తీసి పెట్టెలో వేసింది.

బండి ఆగింది. ఊరు ఊరంతా అరుస్తూ, తోసుకుంటూ, ముసలివాళ్ళను చంకలు పట్టి ఎక్కిస్తూ ఎక్కింది. డప్పు మోగుతూనే ఉంది. బాలకృష్ణ జరిగి అండాలుకు కిటికీ పక్కన చోటిచ్చాడు. బండి కదిలింది.

అరుగు, గది, పసుపుపచ్చ బోర్డు, గుమ్మంలో చేయెత్తి నిలబడ్డ ఎల్లయ్య, అన్నీ కిటికీ ముందునుంచి జరిగిపోయాయి. పది దాకా లెక్కపెట్టేలోపే అయిపోయింది. అండాలు ఊచలు పట్టుకుని మెడ సాచి వెనక్కి చూసింది.

"గింతేనా?" అంది.

"ఏందమ్మా?"

"నా టేషన్ గింత చిన్నగున్నదా సారూ?"

బాలకృష్ణ కూడా వెనక్కి చూసి, "చిన్నదేనమ్మా," అన్నాడు.

పెట్టె నిండా ఊరే. జానమ్మ కోడలు ఒడిలో పిల్లను ఆడిస్తోంది, పరశురాములు బిడ్డ తలుపు దగ్గర నిలబడి గాలికి నవ్వుతోంది. అండాలు వాళ్ళందరినీ చూసింది, మళ్ళీ వెనక్కి చూసింది. అక్కడ గుట్ట తప్ప ఏమీ కనబడటం లేదు. అయినా రెండు చేతులూ జోడించింది.

"గింత చిన్నది," అంది, కళ్ళనుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండానే, "గింతమందిని ఎట్ల సాకింది సారూ?"